మగకూలి, ఆడకూలి: చిట్టాలో ఈ రెండు గడులు చెరిపించండి

ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం జిల్లాల కార్మిక శాఖ అధికారులకు, మా ప్రాంతపు జీడి బట్టీల యజమానులకు, కట్టుబడి మేస్త్రీలకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం చుట్టుపక్కల కూలి చిట్టాలు రాసేవాళ్ళం, బకాయి కూలి కోసం అర్జీలు తయారుచేసేవాళ్ళం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. ఆడా మగా సమాన వేతనం తప్పనిసరి చేయాలా వద్దా అని సభల్లోనూ టీ కొట్ల దగ్గరా వాదనలు జోరుగా నడుస్తున్నాయి. వాదించేవాళ్ళలో చాలామంది ఒక సంగతి మరిచిపోతున్నారు. ఇది తప్పనిసరై యాభై ఏళ్ళవుతోంది. 1975లో ఆర్డినెన్సు వచ్చింది, 1976లో సమాన వేతన చట్టమైంది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో 2019 నాటి వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. దాని 3వ సెక్షన్ ప్రకారం ఒకే యజమాని దగ్గర ఒకే పనికి, లేదా అదే తరహా పనికి, ఆడా మగా అని కూలిలో తేడా పెట్టకూడదు. సమానం చేస్తున్నామని చెప్పి ఎక్కువ ఉన్నవాళ్ళ కూలి కోసెయ్యకూడదు. పనిలోకి తీసుకునేటప్పుడు కూడా ఆ తేడా చూపకూడదు.

కాబట్టి చట్టం కావాలా వద్దా అన్న వాదనతో మాకు పని లేదు. చట్టం ఉండగానే తేడా ఎలా బతుకుతోందో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఏ మేస్త్రీ చిట్టా అయినా తెరవండి. తేదీ, ఊరు, తర్వాత నిలువుగా రెండు గడులు: ‘మగ’, ‘ఆడ’. ఒక్కో గడిలో తలకాయల లెక్క, కింద మొత్తం. మగ 6, ఆడ 11. అంతే. ఎవరు ఏం పని చేశారో లేదు, ఎన్ని గంటలో లేదు, చాలా చిట్టాల్లో పేర్లే ఉండవు. తనిఖీకి ఎవరైనా వచ్చి, తేడా ఎందుకని అడిగితే, పనులు వేరండీ అంటాడు. వేరో కాదో ఆ చిట్టా చూసి తేల్చడం ఎవరి తరమూ కాదు. కూలి తేడా అంతా ఆ రెండు గడుల మధ్య గీతలోనే ఉంది.

ఇంకో మాట వింటాం: ఇది ఊరి కట్టుబాటు, అందరూ కూర్చుని ఒప్పుకున్న రేటు అని. ఉబాలకి, అంటే వరి నాట్లకి, ముందు ఊళ్ళో పెద్దలు కూర్చుని మగకూలి ఇంత, ఆడకూలి ఇంత అని ఖాయం చేస్తారు, నిజమే. 1987లో మెకినన్ మెకంజీ కంపెనీ, ఆడ్రీ డి’కోస్టా కేసులో సుప్రీంకోర్టు ముందుకి ఇలాంటి మాటే వచ్చింది. ఆడ స్టెనోగ్రాఫర్లకి తక్కువ జీతమెందుకంటే, యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారమే ఇస్తున్నామని కంపెనీ చెప్పింది. ఇచ్చుకునే స్తోమత లేదని కూడా చెప్పింది. రెండూ చెల్లలేదు. ఒప్పందం చట్టాన్ని దాటిపోలేదు, చట్టం యజమాని స్తోమతను బట్టి మారదు. నగరంలో పెద్ద కంపెనీ రాతపూర్వకంగా చేసుకున్న ఒప్పందమే నిలవనప్పుడు, రచ్చబండ మీద నోటిమాటగా చేసిన కట్టుబాటు ఎలా నిలుస్తుంది?

ఇక ‘అదే తరహా పని’ అంటే ఏమిటో చూద్దాం. కోడ్ దీనికి కొలత చెప్పింది. నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత ఒకేలా ఉండి, పనిచేసే పరిస్థితులు ఒకేలా ఉంటే అది ఒకే తరహా పని. ఉన్న తేడా పనికి నిజంగా లెక్కలోకి వచ్చేది కాకపోతే దాన్ని తేడాగా చూడకూడదు. ‘మగవాళ్ళు బరువు మోస్తారు’ అనే మాట ఈ కొలత ముందు ఎంతసేపు నిలబడుతుందో లెక్క వేసి చూడండి.

ఉబాలే తీసుకుందాం. వరుసకి వరుస 20 సెంటీమీటర్లు, కుదురుకి కుదురు 15 సెంటీమీటర్లు పెడితే చదరపు మీటరుకి 33 కుదుళ్ళు. ఎకరం 4,047 చదరపు మీటర్లు, అంటే సుమారు 1,35,000 కుదుళ్ళు. పన్నెండుమంది ఆడవాళ్ళు రోజులో ఎకరం ముగించారంటే ఒక్కొక్కరు 11,200 సార్లు చెయ్యి బురదలోకి దించారన్నమాట, నడుము ఎత్తకుండా. రెండు మూడు మొక్కలే విడదియ్యాలి, వేరు మడత పడకూడదు, లోతు ఎక్కువైతే పిలకలు తగ్గుతాయి. గట్టు మీద నుంచి ఆకు (నారు) కట్టలు విసిరే మనిషికి కూలి ఎక్కువ, ఇది నాటిన మనిషికి తక్కువ. రెండింట్లో ఏది కష్టం అని మేం వాదించడం లేదు. తక్కువ ఇవ్వడానికి నైపుణ్యంలో, శ్రమలో కారణం చూపించమంటున్నాం.

స్లాబు పని చూడండి. 500 చదరపు అడుగుల స్లాబు, 5 అంగుళాల మందం. కాంక్రీటు సుమారు 5.9 ఘనమీటర్లు. ఘనమీటరుకి 2,400 కేజీల లెక్కన పద్నాలుగు టన్నులు దాటుతుంది. తట్టకి 15 కేజీలు పట్టినా 940 తట్టలు పైకెక్కాలి, అదీ కాంక్రీటు బిగుసుకోకముందే. ఆ తట్టలు నెత్తిన పెట్టుకునేది ఆడకూలీలే. కాంక్రీటు కలిపే మిల్లరు దగ్గర పార పట్టే హెల్పరుకి మగకూలి, తట్ట మోసే ఆమెకి ఆడకూలి. ఒకే మేస్త్రీ, ఒకే స్లాబు, ఒకే ఎండ. బరువు మోసేవాళ్ళకే ఎక్కువ కూలి అన్నమాట నిజమైతే ఇక్కడ లెక్క తిరగబడాలి కదా.

ఉపాధి పనుల్లో ఈ తేడా రేటులో లేదు. 2025-26లో ఒడిశాలో రోజుకు 273 రూపాయలు, ఆడా మగా ఒకటే. అక్కడ తేడా కొలతలో దూరుతుంది. జట్టు గొయ్యి తవ్వితే మగవాళ్ళు పలుగు పడతారు, ఆడవాళ్ళు మట్టి మోసి గట్టు మీద పోస్తారు. కొలత తీసేవారు గొయ్యి పొడవు, వెడల్పు, లోతు మాత్రం రాసుకుపోతే మోత పని లెక్కలోకే రాదు. నిర్ణీత దూరం, ఎత్తు దాటి మోసినదానికి అదనపు లీడు, లిఫ్టు వేరే రాయాలి. అవి రాయకపోతే జట్టు మొత్తానికీ కూలి పడిపోతుంది. ‘ఆడవాళ్ళు ఎక్కువున్న జట్టుకి కూలి పడదు’ అన్న పేరు అక్కడే పుడుతుంది. తప్పు మాత్రం టేపు పట్టుకున్న చేతిది.

అన్నిటికంటే చిక్కైనది జీడి బట్టీ. సరిహద్దుకి అటు ఆంధ్రలో పలాస-కాశీబుగ్గ ఉంది, ఇటు మా ఊళ్ళున్నాయి. బట్టీ ఎక్కడున్నా పని తీరు ఒకటే. బాయిలరు, బస్తాల మోత, బోర్మా (పప్పు ఎండబెట్టే వేడి అర) దగ్గర మగవాళ్ళుంటారు, వాళ్ళకి రోజుకూలి. పొట్టు తీత, గ్రేడింగు దాదాపు అంతా ఆడవాళ్ళే. పొట్టు తీతకీ, చాలాచోట్ల పిక్క కొట్టడానికీ కేజీ లెక్కన కూలి. ఒకరిది రోజు, ఒకరిది కేజీ కాబట్టి పోల్చడం కుదరదని యజమానులు అంటారు. పోల్చవచ్చు. ఎలాగో చెబుతాం.

పిక్కని ఆవిరి పెట్టాక 12 నుంచి 24 గంటలు ఆరనివ్వాలి. ఆవిరి తక్కువైతే పెంకు మొండిగా ఉండి కత్తి జారుతుంది, పప్పు ముక్కలవుతుంది. ఆవిరి ఎక్కువైతే పప్పు రంగు మారుతుంది, జీడినూనె పప్పుకి అంటుతుంది. పిక్క కొట్టి తీసిన పప్పుని తర్వాత బోర్మాలో ఆరు నుంచి ఎనిమిది గంటలు ఎండబెట్టాలి. సరిగా ఎండకపోతే పొట్టు పప్పుని వదలదు, చాకు మొనతో గీకాలి, గీతలు పడతాయి. మరీ ఎండితే వేలు తగలగానే బద్దలవుతుంది. అంటే ముక్కలైన పప్పులో కొంత వాటా బాయిలరుది, కొంత బోర్మాది. కోత మాత్రం పొట్టు తీసే ఆమె కేజీ రేటు మీద పడుతుంది. బాయిలరు దగ్గరున్న మనిషి రోజుకూలిలో రూపాయి తగ్గదు. కరెంటు పోయినా, బాయిలరు ఆలస్యంగా వెలిగినా అంతే. ఆయన ఖాళీగా కూర్చున్న రెండు గంటలకీ కూలి వస్తుంది, ఆమె కూర్చున్న రెండు గంటలకీ రాదు. వేతన భేదం అనగానే రేటు ఒక్కటే చూస్తారు. బట్టీలో అసలు భేదం ఇదీ: నష్టం ఎవరి మీదికి తోస్తున్నారన్నది.

దీనికి మందు కోడ్‌లోనే ఉంది. కేజీ లెక్క పనికి వేరే కనీస రేటు ప్రకటించనప్పుడు, రోజుకి ఉన్న కనీస వేతనానికి తగ్గకుండా ఇవ్వాలని 12వ సెక్షన్ చెబుతోంది. పని చేయడానికి మనిషి సిద్ధంగా ఉండి, పని చూపించలేనిది యజమాని అయితే ఆ రోజు కూలి పూర్తిగా ఇవ్వాలని 10వ సెక్షన్ చెబుతోంది. అమలు చేయాలంటే కేజీ రేటుని రోజుకూలిలోంచి పుట్టించాలి. మామూలు వేగంతో చేసే అయిదుగురిని ఎంచి, మూడు రోజులు, ఎనిమిదేసి గంటలు, చిన్న పిక్క, నడిమి పిక్క, పెద్ద పిక్క విడివిడిగా ఇచ్చి పొట్టు తీయించాలి. సగటు 9 కేజీలు వచ్చిందనుకోండి, రోజుకూలి 450 అనుకోండి, కేజీకి 50 రూపాయలకి తగ్గకూడదు. చిన్న పిక్కకి సగటు తగ్గుతుంది, రేటు పెరగాలి. ఈ కొలత ప్రతి సీజనుకీ కొత్తగా తీయాలి.

ఇక్కడ మోసం ఎక్కడ జరుగుతుందో కూడా చెప్పాలి. ఆ అయిదుగురినీ యజమానే ఎంచితే చెయ్యి బాగా తిరిగినవాళ్ళనే కూర్చోబెడతాడు. సగటు 13 వస్తుంది, రేటు పడిపోతుంది, మిగిలినవాళ్ళు పది గంటలు కూర్చున్నా రోజుకూలి దాటలేరు. బాగా ఎండిన మంచి లోడు ఆ మూడు రోజులకే దాచి ఉంచడమూ ఉంది. అందుకే మనుషుల్ని హాజరు పుస్తకంలోంచి చీటీ తీసి ఎంచాలి, లోడు ఆ రోజు బోర్మాలోంచి దిగినదే అవ్వాలి.

గ్రేడింగు గురించి ఒక్క మాట. 320 గుండు అంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, 300 నుంచి 320 పప్పులు. 240 గుండు అంటే 220 నుంచి 240. ఈ తేడాని గ్రేడింగు ఆమె కంటితో పట్టుకుంటుంది, రంగు మారినదీ అంచు విరిగినదీ పక్కకి తీస్తూ. 320 పప్పు 240 డబ్బాలోకి పోతే కొన్నవాడు డబ్బా తిప్పి పంపుతాడు. ఇంత బాధ్యత ఉన్న పని జీతాల పుస్తకంలో ‘కూలీ’ అని ఉంటుంది, బోర్మాకి ట్రేలు అందించే కుర్రాడు ‘హెల్పర్’ అని ఉంటాడు. సర్టిఫికెట్ ఉన్న బాయిలర్ అటెండెంటుతో ఆమెను పోల్చమని మేం అడగడం లేదు, అది వేరే పని. ఆ కుర్రాడితో పోల్చండి. నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత అని నాలుగు గడులు గీసి, ఒక్కోదానికి పదేసి మార్కులు పెట్టి, ఇద్దరికీ వేసి చూడండి. మార్కులు వేసేవాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు ఉండాలి, లేకపోతే శ్రమ అన్న గడిలో బస్తా బరువే కనిపిస్తుంది. ఎనిమిది గంటలు మెడ వంచి కూర్చోవడమూ, పిక్క కొట్టే చేతికి జీడినూనె కాలడమూ కనిపించవు.

ఒక లోటు దాచకుండా చెప్పాలి. 1951 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 100వ ఒడంబడికని మన దేశం 1958లో ఆమోదించింది. అందులో మాట ‘సమాన విలువ గల పని’. మన చట్టంలో మాట ‘అదే పని, అదే తరహా పని’. పూర్తిగా ఆడవాళ్ళే చేసే పనికి పక్కన పోల్చడానికి మగవాడు ఉండడు, అప్పుడు మన చట్టం మూగబోతుంది. పొట్టు తీత, నాట్లు, కలుపు ఇలా జారిపోతున్నాయి. ఆ నిర్వచనం మార్చడం పార్లమెంటు పని. జిల్లాలో మీ చేతుల్లోనూ రాష్ట్రం చేతుల్లోనూ ఉన్నది పనుల వర్గీకరణ. ఒడిశాలో 2024లో కనీస వేతనం నైపుణ్యం లేని పనికి 352 నుంచి 450కి పెంచారు. కొంత నైపుణ్యం ఉన్నదానికి 500, నైపుణ్యానికి 550. మెట్టుకి మెట్టుకి 50 రూపాయలు. నెలకి 25 రోజుల లెక్కన 1,250. పొట్టు తీత, గ్రేడింగు కనీసం రెండో మెట్టులో ఉండాలని పేరు పెట్టి రాయండి. కనీస వేతనం ఖాయం చేసేటప్పుడు నైపుణ్యంతో పాటు పని కష్టాన్నీ చూడవచ్చని కోడ్ 6వ సెక్షన్‌లో ఉంది. వేడి, తేమ, ప్రమాదం ఉన్న పనులు అని అక్కడ రాసి ఉంది. జీడినూనెకి తోలు ఊడిన చేతులు చూశాక ఇది ప్రమాదం కాదని ఎవరంటారు?

తప్పనిసరి చేస్తే ఆడవాళ్ళకి పనే దొరకదన్న భయం గురించి. ఇది చెప్పేవాళ్ళందరినీ మేం తప్పుపట్టడం లేదు, కొందరిది నిజమైన భయమే. కట్టుబడిలో అలా జరిగే వీలుంది. ఇద్దరికీ ఒకటే ఇవ్వాలంటే మగవాళ్ళనే పెట్టుకుంటానని మేస్త్రీ అనగలడు. చట్టం దాన్ని కాదంటుంది, నిరూపించడం మాత్రం కష్టం. నాట్లలో, పొట్టు తీతలో, గ్రేడింగులో మాత్రం ఆ బెదిరింపుకి బలం లేదు. ఆ పనులకి రమ్మన్నా మగవాళ్ళు రారు. అక్కడ కూలి పెరిగితే పని పోతుందన్నది వట్టిమాట.

రెండు మూడు ఎకరాల రైతు మాట వేరు. ఎకరం నాట్లకి పన్నెండుమంది, కూలి తేడా మనిషికి 100 అనుకుంటే ఎకరానికి 1,200 పెరుగుతుంది. కలుపు రెండుసార్లు తీయిస్తే ఇంకా పెరుగుతుంది. ఇది చిన్న ఖర్చు కాదు, కాదనడం అబద్ధం. అయితే ఆ బరువు ధాన్యం ధర మోయాలి, కొనుగోలు కేంద్రంలో తరుగు పేరుతో కోసేవాళ్ళు ఆపాలి. దాన్ని నాటే మనిషి నడుం మీద వెయ్యకూడదు. కూలీలు అయిదుగురు దాటని రైతుకి పుస్తకాల భయం మాత్రం అక్కర్లేదు. వ్యవసాయంలో అయిదుగురికి మించని కూలీలతో చేయించుకునేవాళ్ళకి రిజిస్టర్లు, పే స్లిప్పులు అవసరం లేదు, అడిగినప్పుడు కూలి ఇచ్చినట్టు నమ్మదగిన రుజువు చూపిస్తే చాలు.

ఇప్పుడు మీ నుంచి కావలసినవి. మొదటిది ఆ రెండు గడులు. వాటి స్థానంలో పేరు, చేసిన పని, గంటలు లేదా కొలత, రేటు, ఇచ్చిన డబ్బు, వేలిముద్ర లేదా సంతకం ఉండాలి. ఖాళీ వోచరు మీద వేలిముద్ర తీసుకున్నట్టు కనిపిస్తే దాన్నే తప్పుగా రాయండి. ఇటుక బట్టీల్లో వెయ్యి ఇటుకలకి ఇంత అని జంటకి కట్టి, మగవాడి పేరే రాస్తున్నారు. భార్య పేరు రెండో వరుసలో రావాలి, ఆమె వాటా ఆమె ఖాతాలో పడాలి. ఆ పేరు లేకపోతే రేపు ఆమె కూలి అడగడానికి అక్కడ పనిచేసినట్టే రుజువుండదు.

రెండోది భాష. వేతన రేట్లు, చెల్లించే రోజు, తనిఖీ అధికారి పేరు, చిరునామా పని స్థలంలో బోర్డు మీద పెట్టడం యజమాని విధి. మా ఊళ్ళలో ఆ బోర్డు ఉన్న చోట్ల కూడా ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని సవర పిల్లలకి వాళ్ళ భాషలో వాచకాలు రాసింది ఈ పర్లాకిమిడిలోనే. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసింది, ఇంట్లో మాట మారలేదు. ఒడియాతో పాటు తెలుగులోనూ రాయించండి, సవర ఊళ్ళలో సవర మనిషి చేత చదివించండి. ఆంధ్రలోని పాతపట్నం వైపు దాటి పనికి వెళ్ళేవాళ్ళ అర్జీ ఎటు ఇవ్వాలో కూడా ఆ బోర్డు మీద ఉండాలి. పని జరిగిన చోటు ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడి అధికారికే ఇవ్వాలి. ఇది తెలియక ఇక్కడ ఇచ్చి నెలలు పోగొట్టుకుంటున్నారు.

మూడోది తనిఖీ. మధ్యాహ్నం పూట వచ్చి ఆఫీసు గదిలో యజమాని ముందు అడిగితే ఎవరూ నోరు విప్పరు. కూలి పంచే రోజు సాయంత్రం గేటు బయట అడగండి. చేతిలో డబ్బు ఉంటుంది, పక్కన మగవాడి చేతిలోనూ ఉంటుంది, లెక్క అక్కడికక్కడే తేలుతుంది. రిజిస్టర్లు సరిగా లేకపోవడం లాంటి తప్పులకి కోడ్ ప్రకారం మొదటిసారి దొరికిన యజమానికి సరిచేసుకునే గడువు ఇవ్వాలి, ఇవ్వండి. ఆ గడువు రాతలో ఉండాలి, తేదీతో ఉండాలి. తక్కువ కూలి ఇచ్చినందుకు జరిమానా 50,000 రూపాయల వరకు ఉంది. అయిదేళ్ళలోపు మళ్ళీ చేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

అర్జీ పెట్టుకునే అమ్మలకి, చెల్లెళ్ళకి కూడా ఇక్కడే చెప్పేస్తాం, ఈ ఉత్తరం మీరూ చదువుతారు గనక. మూడేళ్ళ లోపు ఎప్పుడైనా అర్జీ ఇవ్వచ్చు. మీరే ఇవ్వచ్చు, మీరు సభ్యులుగా ఉన్న రిజిస్టరైన యూనియన్ ఇవ్వచ్చు, తనిఖీ అధికారీ ఇవ్వచ్చు. బాకీతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం వేసే అధికారం ఉంది. కూలి పూర్తిగా ఇచ్చానని రుజువు చేయాల్సింది యజమానే, మీరు కాదు. అయినా అర్జీలు వీగిపోతున్నాయి. ఆమె కూలి ఎంతో రాస్తారు, పక్కన మగవాడి కూలి ఎంతో, ఆయన చేసిన పనేమిటో రాయరు. పోలిక లేని అర్జీ సమాన వేతనం కింద నిలబడదు. చిన్న పుస్తకం పెట్టుకోండి. తేదీ, మేస్త్రీ, పని, ఎక్కిన గంట, దిగిన గంట, ఖాళీగా కూర్చోబెట్టిన సేపు, తీసుకున్న డబ్బు, పక్క మనిషి పని, అతని కూలి రాయండి. రాయడం రాకపోతే పిల్లల చేత రాయించండి. మేస్త్రీ ఇచ్చిన చీటీ ఫోనులో ఫొటో తీసి ఉంచండి, వానకి తడిస్తే అక్షరం మిగలదు.

అధికారులకు చివరిగా ఒక మనవి. ఆషాఢంలో నారు అందుకుంటుంది, ఆ తర్వాత నెలన్నర ఎవరికీ కూర్చునే తీరిక ఉండదు. ఊరి పెద్దలు రేటు ఖాయం చేసేది అంతకు పదిరోజుల ముందు. ఆ కూర్చునే చోటికి మీ కార్యాలయం నుంచి ఒకరిని పంపండి, కోడ్ 3వ సెక్షన్ తెలుగులో అచ్చు వేసిన కాగితంతో.

ఇట్లు,
పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం ప్రాంతాల కూలి చిట్టాలు రాసేవాళ్ళం